ఎసెన్షియల్ ఆయిల్స్‌తో ఇంట్లోనే చర్మ, స్నాన ఉత్పత్తులు: కొలత నుంచి లేబుల్ దాకా

"ఎన్ని చుక్కలు వేయాలి?", "చేసి పెట్టుకుంటే ఎన్నాళ్ళు ఉంటుంది?" చాలామంది అడిగేవి ఈ రెండు ప్రశ్నలే. మొదటిదానికి జవాబు, ఆ వస్తువు ఒంటి మీద ఎక్కడ రాస్తారు, ఎంతసేపు ఉంచుతారు అన్నదాన్ని బట్టి మారుతుంది. రెండోదానికి జవాబు, అందులో నీళ్ళు కలిశాయా లేదా అన్నదే.

అందుకే ఇక్కడి వరుస ఇలా పెట్టాను: ముందు నీళ్ళు అస్సలు లేనివి, తర్వాత స్నానంలో వాడేవి, ఆఖరున లోషన్. కొత్తవాళ్ళు నేరుగా లోషన్‌కు దూకకండి. బాడీ ఆయిల్, బామ్ (మైనం కలిపి గడ్డకట్టించే లేపనం) రెండూ చేతికి అలవాటయ్యాక లోషన్ చాలా సులువుగా అనిపిస్తుంది.

## 1. ముందుగా సమకూర్చుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు కొనాల్సింది డిజిటల్ కాటా. 0.1 గ్రాము దాకా చూపించేది ఒకటి చాలు. ఎసెన్షియల్ ఆయిల్ కోసం 0.01 గ్రాము దాకా తూచే చిన్నది కూడా ఉంటే పని తేలిక. కప్పులు, చెంచాల కొలతలు వంటకు సరిపోతాయి కానీ, ఇక్కడ సరిపోవు.

- కాటా
- వేడిని తట్టుకునే గాజు జగ్గులు రెండు
- డబుల్ బాయిలర్, లేదా పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి అందులో చిన్న గిన్నె
- థర్మామీటర్
- స్టీలు చెంచాలు, సిలికాన్ గరిటె
- ముదురు రంగు గాజు సీసాలు, వెడల్పు మూతి డబ్బాలు
- 70% ఐసోప్రొపైల్ ఆల్కహాల్ స్ప్రే
- చేతి తొడుగులు
- పిహెచ్ స్ట్రిప్స్, అంటే పులుపు, క్షార గుణాల్ని కొలిచే కాగితాలు (లోషన్ చేసేటప్పుడు మాత్రమే)
- నోట్‌బుక్, మార్కర్ పెన్

వీటిని వంటకు వాడకుండా విడిగా పెట్టుకోండి. తేనెమైనం అంటిన గిన్నె తోమడం ఎంత విసుగో ఒక్కసారి చేస్తే తెలుస్తుంది.

## 2. సీసా మీద చదవాల్సినవి

ఎసెన్షియల్ ఆయిల్, ఫ్రాగ్రెన్స్ ఆయిల్ ఒకటి కావు. మొదటిది మొక్క నుంచి తీసిన గాఢమైన సువాసన నూనె, రెండోది సువాసన కోసం తయారుచేసిన మిశ్రమం. ఈ గైడ్‌లోని లెక్కలు దానికి వర్తించవు.

లేబుల్ మీద మొక్క శాస్త్రీయ నామం ఉండాలి. ఉదాహరణకు లావెండర్‌కి లావండ్యులా అంగుస్టిఫోలియా, టీ ట్రీకి మెలల్యూకా ఆల్టర్నిఫోలియా. పేరుతో పాటు ఏ భాగం నుంచి తీశారో కూడా చూడాలి. దాల్చిన చెక్క బెరడు నూనె, ఆకు నూనె రెండు వేర్వేరు వస్తువులు.

నిమ్మ జాతి నూనెల్లో తీసిన పద్ధతి ముఖ్యం. తొక్కను పిండి తీసిన బెర్గమాట్, లైమ్, నిమ్మ, గ్రేప్‌ఫ్రూట్ నూనెలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలిన మచ్చలు పడవచ్చు. ఆవిరితో తీసిన లైమ్, నిమ్మ నూనెలకు ఆ ఇబ్బంది లేదు. తీపి నారింజకూ లేదు.

## 3. ఎంత శాతం?

ఈ ఒక్క పట్టికను గోడకు అంటించుకున్నా తప్పు లేదు.

- ముఖానికి రాసేవి: 0.5%, మహా అయితే 1%
- ఒంటికి రాసి వదిలేసేవి: 1% నుంచి 2%
- కడిగేసే స్క్రబ్‌లు: 1%
- రోజూ వాడే లోషన్: 0.5% నుంచి 1%

లెక్క చాలా సింపుల్. మొత్తం బరువును శాతంతో గుణించి 100తో భాగించండి. 100 గ్రాముల బాడీ ఆయిల్‌లో 1% అంటే 1 గ్రాము. 50 గ్రాముల ఫేస్ ఆయిల్‌లో 0.5% అంటే 0.25 గ్రాము.

మరి చుక్కలు? ఒక మిల్లీలీటరుకు 20 చుక్కలని చాలాచోట్ల కనిపిస్తుంది. కానీ ఒక డ్రాపర్ 20 ఇస్తే ఇంకొకటి 35 ఇస్తుంది. నూనె చిక్కదనాన్ని బట్టి కూడా మారుతుంది. చిన్న కాటా లేకపోతే చుక్కలతో చేయవచ్చు, కాకపోతే 20 లెక్కనే పట్టుకోండి. అప్పుడు తేడా వచ్చినా తక్కువ వైపే వస్తుంది.

కొన్ని నూనెలకు ఈ పట్టికకన్నా తక్కువ హద్దులుంటాయి. చర్మం మీద ఉండిపోయే వాటిలో పిండి తీసిన బెర్గమాట్ 0.4% దాటకూడదు, లైమ్ 0.7%. లెమన్‌గ్రాస్ 0.7%, లవంగ మొగ్గ నూనె 0.5%. దాల్చిన చెక్క బెరడు నూనె హద్దు 0.07%, అంటే 100 గ్రాములకు చుక్కన్నర కూడా పట్టదు. నా మటుకు నేను దాన్ని చర్మ ఉత్పత్తుల జోలికే రానివ్వను.

వాసన సరిపోలేదని ఇంకో నాలుగు చుక్కలు వేయడం అందరూ చేసే పనే. వాసన చూస్తూ కూర్చుంటే కాసేపటికి ముక్కు అలవాటు పడిపోతుంది, ఎంత వేసినా తక్కువే అనిపిస్తుంది. లెక్క వేసినంత వేసి మూత పెట్టేయండి. మర్నాడు చూడండి.

## 4. ఎవరికి వద్దు, దేనితో జాగ్రత్త

- రెండేళ్ళ లోపు పిల్లలకు ఎసెన్షియల్ ఆయిల్ లేకుండానే చేయండి. ఉత్త నూనె చాలు.
- యూకలిప్టస్, పెప్పర్‌మింట్ చిన్న పిల్లల ముఖం దగ్గరకు తేకండి. శ్వాస ఇబ్బంది రావచ్చు.
- గర్భిణులు, ఆస్తమా లేదా మూర్ఛ ఉన్నవాళ్ళు, రోజూ మందులు వాడేవాళ్ళు ముందు డాక్టరును అడగాలి.
- రక్తం పలచబడే మందులు వాడుతుంటే వింటర్‌గ్రీన్ అసలే వద్దు.
- ఇంట్లో పిల్లి, కుక్క ఉంటే టీ ట్రీ రాసుకున్న చేతుల్ని నాకనివ్వకండి. వాటికి అది విషం.
- ఏ ఎసెన్షియల్ ఆయిల్‌నూ కలపకుండా నేరుగా చర్మానికి రాయవద్దు. తాగవద్దు.

నూనె నేరుగా చర్మం మీద ఒలికితే సబ్బుతో కడగండి. ఉత్త నీళ్ళకు అది పోదు. కంట్లో పడితే ఆగకుండా 15 నిమిషాలు శుభ్రమైన నీటితో కడిగి వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

## 5. పని మొదలుపెట్టే ముందు శుభ్రత

సీసాలు, జగ్గులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత ఆల్కహాల్ స్ప్రే చేసి గాలికి వదిలేయండి. గుడ్డతో తుడిస్తే ఆ గుడ్డలోని క్రిములు, నూలు పోగులు మళ్ళీ అంటుకుంటాయి.

సీసా అడుగున ఒక్క నీటిచుక్క మిగిలినా నూనె ఉత్పత్తి చెడిపోవచ్చు. ఆల్కహాల్, ఎసెన్షియల్ ఆయిల్స్ రెండూ మండే పదార్థాలే కాబట్టి స్ప్రే చేసేటప్పుడు పొయ్యి ఆర్పేసి ఉండాలి.

## 6. బాడీ ఆయిల్ (100 గ్రాములు)

- బాదం నూనె 70 గ్రా.
- జొజోబా నూనె 28.5 గ్రా.
- విటమిన్ ఇ 0.5 గ్రా.
- ఎసెన్షియల్ ఆయిల్ 1 గ్రా.

బాదం పడనివాళ్ళు పొద్దుతిరుగుడు లేదా నువ్వుల నూనె వాడవచ్చు. కొబ్బరి నూనె పెట్టుకుంటే అది 24 డిగ్రీల కింద గడ్డకడుతుందని గుర్తుంచుకోండి.

సీసాను కాటా మీద పెట్టి సున్నా చేయండి. ముందు ఎసెన్షియల్ ఆయిల్, తర్వాత విటమిన్ ఇ, ఆ తర్వాత ఆధార నూనెలు (బాదం, జొజోబా లాంటి మామూలు నూనెలు) పోయండి. మొదట పోసినది ఒకవేళ ఎక్కువ పడిందనుకోండి, ఆధార నూనెను ఆ లెక్కన పెంచి సరిచేసుకోవచ్చు. నిండిన సీసాలో ఎక్కువ పడితే తీయడం కుదరదు.

మూత బిగించి రెండు అరచేతుల మధ్య దొర్లించండి. ఒకరోజు వదిలేస్తే వాసనలు కలుస్తాయి.

విటమిన్ ఇ నూనె కనరెక్కడాన్ని ఆలస్యం చేస్తుంది, అంతే. క్రిముల్ని చంపదు. దాన్ని ప్రిజర్వేటివ్ (క్రిములు పెరగకుండా అడ్డుకునేది) అనుకుని లోషన్లో వేసేవాళ్ళు చాలామంది ఉన్నారు.

## 7. వాడే ముందు ప్యాచ్ టెస్ట్

చేసిన వస్తువునే, చేసిన గాఢతలోనే, ముంజేతి లోపలి వైపు చిన్న నాణెమంత మేర రాయండి. 48 గంటలు కడగకుండా గమనించండి. అలర్జీ కొన్నిసార్లు మొదటి గంటలో రాదు, రెండో రోజు తర్వాతే దురద మొదలవుతుంది. తొందరపడి పదినిమిషాలకే "బాగానే ఉంది" అనేయకండి.

ఎర్రబారినా, దురద పెట్టినా, పొక్కులు లేచినా సబ్బుతో కడిగేసి ఆ వస్తువును పక్కన పెట్టండి. కొత్త నూనె వేసిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్ళీ చేయాల్సిందే. ఒక బ్యాచ్‌లో ఒకటి రెండు ఎసెన్షియల్ ఆయిల్స్‌కు మించి కలపకపోతే, ఏది పడలేదో కనుక్కోవడం తేలిక.

## 8. బామ్ (100 గ్రాములు)

- తేనెమైనం 15 గ్రా.
- షియా బటర్ 25 గ్రా.
- ద్రవ నూనె 58.5 గ్రా.
- విటమిన్ ఇ 0.5 గ్రా.
- ఎసెన్షియల్ ఆయిల్ 1 గ్రా.

వరుస:

1. తేనెమైనం, ద్రవ నూనె కలిపి డబుల్ బాయిలర్‌లో సన్నని సెగ మీద కరిగించండి. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నేరుగా మంట మీద పెట్టవద్దు.
2. మైనం పూర్తిగా కరిగాక దింపి షియా బటర్ వేయండి. ఆ వేడికే కరిగిపోతుంది.
3. చెంచాను ఫ్రిజ్‌లో పెట్టి ఉంచుకోండి. దాని మీద ఒక చుక్క వేసి నిమిషం ఆగి వేలితో నొక్కి చూడండి. మెత్తగా ఉంటే 2, 3 గ్రాముల మైనం, గట్టిగా ఉంటే కొంచెం నూనె కలిపి మళ్ళీ కరిగించండి.
4. గిన్నె అంచుల దగ్గర మసక తేలుతున్నప్పుడు విటమిన్ ఇ, ఎసెన్షియల్ ఆయిల్ వేసి చకచకా కలపండి.
5. వెంటనే డబ్బాల్లో పోయండి. పూర్తిగా చల్లారే దాకా మూత పెట్టకండి. పెడితే లోపల చెమ్మ పడుతుంది.

నాలుగో మెట్టులో తొందరపడితే సువాసన ఆవిరైపోతుంది. ఆలస్యం చేస్తే గిన్నెలోనే గడ్డకడుతుంది. చేతికి అందేలా అన్నీ ముందే తూచి పెట్టుకోండి.

మిగిలిన బామ్‌ను సింకులో పోయకండి, పైపులో గడ్డకడుతుంది. గిన్నె వేడిగా ఉండగానే కాగితంతో తుడిచి, తర్వాత తోమండి.

## 9. షుగర్ స్క్రబ్

200 గ్రా. సన్న పంచదార, 96 గ్రా. నూనె, 1 గ్రా. విటమిన్ ఇ, 3 గ్రా. ఎసెన్షియల్ ఆయిల్. నూనెలన్నీ ముందు కలిపి, పంచదారలో కొంచెం కొంచెంగా పోస్తూ కలపండి.

ఇందులో నీళ్ళు లేకపోయినా వాడేది తడి చేతులతో. సమస్యంతా అక్కడే. పెద్ద డబ్బా స్నానాలగదిలో పెట్టకుండా ఆ పూటకు కావలసినంత పొడి చెంచాతో చిన్న గిన్నెలోకి తీసుకోండి. ముఖానికి, గీరుకున్న చర్మానికి, షేవింగ్ చేసిన రోజు కాళ్ళకు వాడకండి. నేల జారుతుంది, జాగ్రత్త.

## 10. బాత్ సాల్ట్

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఎసెన్షియల్ ఆయిల్ నీటిలో కరగదు. ఉప్పుకు పట్టించి వేసినా ఉప్పు కరిగిపోగానే నూనె విడిపోయి నీటి మీద తేలుతుంది. అలా తేలిన చిక్కటి నూనె నేరుగా సున్నితమైన చర్మానికి అంటుకుంటుంది. టబ్‌లో కూర్చున్నాక మంట పుడితే కారణం ఇదే. పాలలో కలిపి పోస్తే సరిపోతుందన్న మాట కూడా నమ్మకండి.

రెండు స్నానాలకు:

- ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) 200 గ్రా.
- సముద్రపు ఉప్పు 50 గ్రా.
- ఆధార నూనె 10 గ్రా.
- ఎసెన్షియల్ ఆయిల్ 0.5 గ్రా.

ఎసెన్షియల్ ఆయిల్‌ను ముందు ఆధార నూనెలో కలిపి, తర్వాత ఉప్పుకు పట్టించండి. నూనె ఇక్కడా తేలుతుంది, కానీ పలచబడి ఉంటుంది కాబట్టి అంతగా కాటు వేయదు. జిడ్డు వద్దనుకుంటే ఆధార నూనె బదులు పాలీసార్బేట్ 20 (నూనెను నీటిలో కలిపి ఉంచే ద్రవం) వాడండి. ఎసెన్షియల్ ఆయిల్‌కు నాలుగు రెట్లతో మొదలుపెట్టి, గ్లాసు నీళ్ళలో కలిపి చూడండి. పైన నూనె వలయాలు కనిపిస్తే ఇంకొంచెం పెంచండి.

పెప్పర్‌మింట్, లవంగం, దాల్చిన చెక్క, లెమన్‌గ్రాస్ స్నానపు నీటికి వద్దు. టబ్ లేనివాళ్ళు ఈ మిశ్రమంలో రెండు పెద్ద చెంచాలు గోరువెచ్చని నీటిలో వేసుకుని పాదాలు నానబెట్టుకోవచ్చు.

## 11. బాత్ బాంబ్

స్నానపు నీళ్ళలో వేస్తే నురగ కక్కుతూ కరిగే ఉండ ఇది. వంటసోడా 200 గ్రా., నిమ్మఉప్పు 100 గ్రా., కార్న్‌ఫ్లోర్ 50 గ్రా., ఎప్సమ్ సాల్ట్ 50 గ్రా., నూనె 15 గ్రా., ఎసెన్షియల్ ఆయిల్ 2 గ్రా.

పొడులన్నీ జల్లించండి. నూనె, ఎసెన్షియల్ ఆయిల్ కలిపి సన్నని ధారగా పోస్తూ పొడికి పట్టించండి. తర్వాత ఆల్కహాల్ స్ప్రే ఒకటి రెండు సార్లు కొట్టి కలపండి. పిడికిట్లో నొక్కితే ముద్దగా నిలబడితే చాలు, అక్కడ ఆపేయండి. నీళ్ళతో కూడా చేస్తారు కానీ, చెయ్యి తిరగనివాళ్ళకు గిన్నెలోనే నురగ మొదలవుతుంది.

అచ్చులో గట్టిగా నొక్కి, తీసి, రెండు రోజులు ఆరబెట్టండి. వానపడే రోజున ఈ పని పెట్టుకోకండి.

## 12. లోషన్ (100 గ్రాములు)

నీళ్ళు కలిశాయంటే ప్రిజర్వేటివ్ తప్పనిసరి. ఇందులో రెండో మాట లేదు. గులాబీ నీరు, కలబంద గుజ్జు, పాలు, పండ్ల రసం కూడా నీళ్ళ లెక్కలోకే వస్తాయి. ఎసెన్షియల్ ఆయిల్ చర్మానికి సరిపడే గాఢతలో ఉన్నప్పుడు క్రిముల్ని నమ్మకంగా అడ్డుకోలేదు. బూజు కంటికి కనిపించేలోపే బ్యాక్టీరియా పెరిగిపోయి ఉంటుంది.

ప్రిజర్వేటివ్ వద్దనుకునేవాళ్ళు లోషన్ మానేసి బామ్ చేసుకోండి. అది కూడా చక్కటి ఎంపికే.

నీటి గిన్నె: డిస్టిల్డ్ వాటర్ 70 గ్రా., గ్లిసరిన్ 3 గ్రా.
నూనె గిన్నె: ద్రవ నూనె 18 గ్రా., ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ (నీటిని, నూనెను కలిపి ఉంచే మైనం) 6 గ్రా., సెటిల్ ఆల్కహాల్ (చిక్కదనం ఇచ్చే మైనం లాంటి పదార్థం) 1.5 గ్రా.
చల్లారాక వేసేవి: ఫినాక్సీఇథనాల్ ఆధారంగా ఉన్న ప్రిజర్వేటివ్ 1 గ్రా., ఎసెన్షియల్ ఆయిల్ 0.5 గ్రా.

తేనెమైనం ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్‌కు బదులు కాదు. తేనెమైనం ఒక్కటే నీటిని, నూనెను కలిపి ఉంచలేదు.

1. నీటి గిన్నెను తూచి, బరువు రాసుకోండి.
2. రెండు గిన్నెల్నీ 70 నుంచి 75 డిగ్రీలకు తెచ్చి, అక్కడే 20 నిమిషాలు ఉంచండి.
3. నీటి గిన్నెను మళ్ళీ తూచండి. ఆవిరైన మేర వేడి డిస్టిల్డ్ వాటర్ కలపండి.
4. రెండూ ఒకే వేడిలో ఉండగా కలపండి. హ్యాండ్ బ్లెండర్‌ను కొన్ని సెకన్లు తిప్పి, ఆపి, మళ్ళీ తిప్పండి. ఏకధాటిగా తిప్పితే గాలి బుడగలు చేరతాయి.
5. 40 డిగ్రీల కిందికి వచ్చేదాకా గరిటెతో కలుపుతూ ఉండండి.
6. అప్పుడు ప్రిజర్వేటివ్, ఎసెన్షియల్ ఆయిల్ వేయండి. ప్రిజర్వేటివ్ సీసా మీద శాతం, వేడి వేరేలా రాసి ఉంటే దాన్నే పాటించండి.
7. పిహెచ్ చూడండి. 5 నుంచి 5.5 మధ్య ఉండాలి. ఎక్కువైతే నిమ్మఉప్పు ద్రావణం ఒక్కో చుక్కా వేసి కలిపి మళ్ళీ చూడండి.
8. పంపు ఉన్న సీసాలో పోయండి. వెడల్పు డబ్బాలో వేళ్ళు పెడితే ఎంత మంచి ప్రిజర్వేటివ్‌కైనా కష్టమే.

సోడియం బెంజోయేట్, పొటాషియం సోర్బేట్ జంట వాడితే పిహెచ్ ఇంకా ముఖ్యం. పిహెచ్ 5 దాటిన కొద్దీ వాటి బలం తగ్గిపోతుంది.

## 13. తప్పులు, దిద్దుబాట్లు

బామ్ రవ్వలా తగులుతోంది. షియా బటర్ నెమ్మదిగా చల్లారింది. పూర్తిగా కరిగించి, డబ్బాల్ని వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. మళ్ళీ కరిగిస్తే సువాసన కొంత పోతుంది, కానీ అందుకని కొత్తగా ఇంకో 1% వేయకండి.

బామ్ నూనె చెమటలు పడుతోంది. ఉన్న చోట వేడి ఎక్కువ. తర్వాతి బ్యాచ్‌లో మైనం 18 నుంచి 20 గ్రాములకు పెంచి, ఆ మేర నూనె తగ్గించండి.

లోషన్ విరిగింది. మొదటి గంటలోనే అయితే మళ్ళీ 70 డిగ్రీలకు తెచ్చి, బ్లెండ్ చేసి చూడవచ్చు. ప్రిజర్వేటివ్ వేశాక విరిగితే పారేయడమే మేలు.

బాత్ బాంబ్ ఉబ్బి పగిలింది. తడి ఎక్కువైంది. పొడిచేసి ఉప్పులో కలిపి వాడేసుకోండి, వృథా కాదు.

నూనె నుంచి పాత వేరుశెనగల లాంటి వాసన. కనరెక్కింది. దానికి చికిత్స లేదు.

ఇన్నాళ్ళూ పడిన లావెండర్ ఇప్పుడు దురద పెడుతోంది. సీసా పాతబడి ఉండవచ్చు. గాలి తగిలి ఆక్సీకరణ చెందిన లావెండర్, టీ ట్రీ, నిమ్మ జాతి నూనెలు అలర్జీ తెచ్చే అవకాశం ఎక్కువ. కొత్త సీసాతో ప్రయోగం చేయకుండా ముందు చర్మవైద్యుడికి చూపించండి. ఒకసారి అలర్జీ వచ్చాక తాజా నూనె కూడా పడకపోవచ్చు.

## 14. నిల్వ, లేబుల్

ఎసెన్షియల్ ఆయిల్ సీసాలు చీకటిగా, చల్లగా ఉండేచోట పెట్టండి. మూత తెరిచిన తేదీ సీసా మీదే రాయండి. నిమ్మ జాతి నూనెలు, టీ ట్రీ తెరిచిన ఏడాదిలో వాడేయడం మంచిది. సగానికి తగ్గిన సీసాను చిన్న సీసాలోకి మారిస్తే గాలి తక్కువ తగులుతుంది.

ప్రతి డబ్బా మీద:

- పేరు, చేసిన తేదీ
- వాడిన పదార్థాలన్నీ
- ఎసెన్షియల్ ఆయిల్స్ పేర్లు, శాతం
- బ్యాచ్ నంబరు (నోట్‌బుక్‌లో ఇదే నంబరు కింద తూకాలు)

నూనె ఉత్పత్తులు ఆరు నెలల్లో, ఇంట్లో చేసిన లోషన్ మూడు నెలల్లో ముగించేలా చిన్న బ్యాచ్‌లు చేయండి. రంగు, వాసన, చిక్కదనం వీటిలో ఏది మారినా ఆ తేదీ కోసం ఆగకుండా పారేయండి.

అమ్మాలనుకుంటే మీ ప్రాంతంలోని సౌందర్య ఉత్పత్తుల నిబంధనలు, అనుమతులు ముందే తెలుసుకోవాలి. బహుమతిగా ఇస్తున్నా లేబుల్ మానకండి. తీసుకునేవాళ్ళకు గింజల అలర్జీ ఉందేమో, గర్భంతో ఉన్నారేమో, ఇంట్లో పసిపిల్లలు ఉన్నారేమో అడిగాకే చేతికి ఇవ్వండి. ప్యాచ్ టెస్ట్ ఎలా చేయాలో రెండు వాక్యాలు రాసిన చీటీ కూడా డబ్బాకు కట్టండి.